సెప్టెంబర్ 17కు ముందు, తరువాత: హైదరాబాద్ రాజ్యంలో సామూహిక హింస, 1946–1951

పరిచయం

ఇరవయ్యో శతాబ్దపు సామూహిక హత్యాకాండలు అనగానే మనకు గుర్తుకొచ్చేవి 1915లో ఆర్మీనియన్ల ఊచకోత, నాజీ జర్మనీ చేతిలో అరవై లక్షల మంది యూదుల సంహారం, 1994లో రువాండాలో వంద రోజుల్లో జరిగిన లక్షలాది హత్యలు. వాటి గురించి చదివే తెలుగు విద్యార్థికి అవన్నీ ఎక్కడో దూరదేశాల్లో, మనలాంటివారు కాని మనుషుల మధ్య జరిగాయనిపించడం సహజం. ఈ పాఠం మన గడప దగ్గర జరిగినదాన్ని గురించి.

హైదరాబాద్ పడమటి అంచున, కొత్తగూడ కూడలికి దగ్గరలో, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత కొత్తగూడ, కొండాపూర్, మాదాపూర్ ఎలా మారాయో మీలో చాలామంది కళ్లారా చూశారు. సరిగ్గా దానికి యాభై ఏళ్ల ముందు, 1948 నవంబరు 29న, కొత్తగూడ ఇంకా నగరం వెలుపలి రాళ్లగుట్టల మధ్య ఒక పల్లెగా ఉన్న కాలంలో, ముగ్గురు మనుషులు ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వచ్చారు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అని వారి పేర్లు. రెండు నెలల కిందట భారత సైన్యం ప్రవేశించిన ఈ రాజ్యంలో మత సామరస్యం ఏ స్థితిలో ఉందో చూసి చెప్పమని భారత ప్రభుత్వం వారిని పంపింది. వారు మూడు వారాలు తిరిగి రాసిన నివేదిక ఆరు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ దస్త్రాల్లోనే ఉండిపోయింది.

ఇవాళ కొత్తగూడలో ఒకే వరండా పంచుకొనే రెండు అద్దె గదుల్లో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన కుర్రవాడూ, లాతూరు నుంచో బీదర్ నుంచో వచ్చిన కుర్రవాడూ ఉండటంలో వింత లేదు. 1948 గురించి ఆ ఇద్దరి ఇళ్లల్లో చెప్పుకొనే కథలు వేరువేరు. ఒక ఇంట్లో కథ సెప్టెంబర్ 17తో ముగుస్తుంది. మరో ఇంట్లో అది ఆ రోజునే మొదలవుతుంది. ఆ రెండు కథలనూ ఒకే చరిత్రగా చదవడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకొందాం.

రాజ్యం, భూమి, ఉద్యోగాలు

హైదరాబాద్ రాజ్యం 82 వేల చదరపు మైళ్లకు పైగా విస్తరించిన అతిపెద్ద సంస్థానాల్లో ఒకటి. 1941 జనగణన ప్రకారం జనాభా కోటీ 60 లక్షలు దాటింది. పదహారు జిల్లాల్లో ఎనిమిది తెలంగాణవి, ఐదు మరాఠ్వాడావి, మూడు కన్నడ ప్రాంతానివి. జనంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారు. ముస్లిములు నూటికి పన్నెండు, పదమూడు మంది. అయితే ప్రభుత్వోద్యోగాల్లో, పోలీసుల్లో, సైన్యంలో వారి సంఖ్యే ఎక్కువ. పాలనాభాష ఉర్దూ.

ఇంతవరకే చెప్పి ఆపితే చిత్రం తప్పుగా వస్తుంది. రాజ్యంలోని భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే భూమి. 30 శాతం జాగీర్లు. మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్. గ్రామంలో రైతు నెత్తిన కూర్చున్నవారు ఎక్కువగా దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. తెలంగాణలో వారిలో అత్యధికులు హిందూ అగ్రకులాలవారు. వెట్టి చేయించుకొన్నదీ, అక్రమంగా భూములు కలుపుకొన్నదీ వారే. మరోవైపు పల్లెల్లోని ముస్లిముల్లో ఎక్కువమంది నేతగాళ్లు, దూది ఏకేవారు, బండి తోలేవారు, చిన్న కమతాల రైతులు, ఠాణాలో కింది జీతగాళ్లు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల చేతిలో భూమి కోసం ప్రాణం పోగొట్టుకొన్న కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. అదే దేశ్‌ముఖ్‌తో పాలకుర్తిలో తన పంట కోసం పోరాడింది చాకలి ఐలమ్మ. 1946 జులై 4న కడివెండిలో తూటాకు బలైంది దొడ్డి కొమురయ్య. ఈ ముగ్గురినీ ఒక వరుసలో పెట్టి చూస్తే అప్పటి తగాదా దేనిగురించో తెలుస్తుంది.

1930 నుంచి సభలు జరుపుకొంటూ వచ్చిన ఆంధ్ర మహాసభ ఈ కాలానికి పల్లెల్లో 'సంఘం'గా మారింది. దాని వెనుక కమ్యూనిస్టులు ఉన్నారు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు నాయకుల్లో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉన్నారు. కాబట్టి 1946లో ఈ రాజ్యంలో ప్రధానమైన గీత భూమి మీద గీసి ఉంది. రెండేళ్లలో దాన్ని చెరిపి మతం మీద మరో గీత గీశారు. సామూహిక హింసను అధ్యయనం చేసేవారు ముందుగా చూడవలసింది ఈ మార్పును. 'తరతరాల పగ' అనే మాటతో దీన్ని వివరించలేం. తరతరాల పగే కారణమైతే హత్యలు అన్ని తరాల్లోనూ జరగాలి.

రాజ్యం తన పనిని ఇతరుల చేతికిచ్చినప్పుడు

1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ఫర్మానా వెలువరించాడు. బ్రిటిష్‌వారు వెళ్లిపోయాక తన రాజ్యం స్వతంత్రంగా ఉంటుందని దాని సారాంశం. స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7న 'భారతదేశంలో చేరాలి' అన్న ఉద్యమాన్ని మొదలుపెట్టింది. సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎత్తడానికి చేరిన జనం మీద కాల్పులు జరిగాయి. నవంబరు 29న భారత ప్రభుత్వంతో నిజాం ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం చేసుకొన్నాడు. ఆ తరువాత మీర్ లాయక్ అలీ ప్రధానమంత్రి అయ్యాడు.

ఇక్కడ ప్రభుత్వ స్వరూపం మారిపోయింది. 1927లో ఏర్పడిన మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మొదట్లో సాంస్కృతిక, రాజకీయ సంస్థ. 1944లో బహదూర్ యార్ జంగ్ మరణించాక, 1946లో దాని నాయకత్వం లాతూరు వకీలు కాశిం రజ్వీ చేతికి వచ్చింది. రజాకార్లు, అంటే స్వచ్ఛంద సేవకులు, ఈ సంస్థ దళం. రాజ్యంలోని ప్రతి ముస్లిం పాలకుడేనని ఇత్తెహాద్ ప్రచారం చేసేది. పూట గడవని నేతగాడికి ఆ మాట కడుపు నింపకపోయినా గౌరవం ఇచ్చింది. హింసకు మనుషులను కూడగట్టే సంస్థలన్నీ ఎక్కడైనా ఇలాంటి గౌరవాన్నే పంచిపెడతాయి.

రజాకార్ల వెంట పోలీసులు ఉండేవారు. కొన్నిచోట్ల నిజాం సైనికులూ ఉండేవారు. అయినా వారు ప్రభుత్వోద్యోగులు కారు, వారి చేతలకు జవాబు చెప్పే అధికారి లేడు. ఈ ఏర్పాటును జాగ్రత్తగా గమనించండి. ప్రభుత్వాలు తాము నేరుగా చేయలేని, చేశామని ఒప్పుకోలేని పనిని ఇలాంటి దళాలకు అప్పగించడం చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. 1915లో ఆటోమన్ ప్రభుత్వం 'ప్రత్యేక సంస్థ'ను వాడుకొంది. 1994లో రువాండాలో ఇంటెరహాంవే దళాలు ఉన్నాయి. హత్యల పరిమాణంలో హైదరాబాద్‌ను వాటి పక్కన పెట్టలేం. పనిచేసిన పద్ధతి మాత్రం ఒకటే.

రజాకార్ల దాడులకు గురైన ఊళ్లలో ఎక్కువ సంఘం బలంగా ఉన్న ఊళ్లు. పారిపోయిన దేశ్‌ముఖులు కొందరు వారి అండతోనే తిరిగి వచ్చి శిస్తు వసూళ్లు, పగతీర్చుకోవడాలు సాగించారు. మరోవైపు, సరిహద్దు అవతల ఏర్పడిన కాంగ్రెస్ శిబిరాల నుంచి సాయుధ దళాలు రాజ్యంలోకి వచ్చి కరోడ్‌గిరీ నాకాల మీద, ఠాణాల మీద దాడులు చేసేవి. ఏ పల్లెలోనూ రేపు ఎవరి పాలన ఉంటుందో తెలియదు. పంజాబు నుంచి విభజన వార్తలు, మధ్యపరగణాల నుంచి ముస్లిం శరణార్థులు వస్తున్నారు. ఇక్కడి హిందువులు బెజవాడకు, షోలాపూరుకు వెళ్లిపోతున్నారు. ఈ పరిస్థితి పదమూడు నెలలు సాగింది. ఒక్కరోజు గొడవ కంటే ఈ పదమూడు నెలల అనిశ్చితే పెద్ద కారణమని ఈ పాఠం అభిప్రాయం. తనను కాపాడే ప్రభుత్వం లేదని నమ్మిన మనిషి పక్కింటివాడిని కొత్త కళ్లతో చూడటం మొదలుపెడతాడు.

రజాకార్లను ఎదిరించిన ముస్లిములూ ఉన్నారు. 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల ఆగడాలను ఖండిస్తూ, రాజ్యం భారతదేశంలో చేరాలని రాసేవాడు. అలాంటి విజ్ఞప్తి చేసిన కొందరు ముస్లిం ప్రముఖుల ప్రకటననూ తన పత్రికలో వేశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి పత్రికాఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా ఆయనపై దాడి జరిగింది. తుపాకీతో కాల్చడమే కాక రాసే చేతిని నరికారు. 22 తెల్లవారేసరికి ఆయన లేడు.

భైరాన్‌పల్లి

షోయబుల్లా ఖాన్ చనిపోయిన ఐదు రోజులకు భైరాన్‌పల్లి జరిగింది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఈ ఊరి నడుమ ఒక పాత బురుజు ఉంది. రజాకార్లు చుట్టుపక్కల ఊళ్లను దోచుకొంటున్న కాలంలో భైరాన్‌పల్లి యువకులు రక్షణదళంగా ఏర్పడ్డారు. బురుజు మీద కాపలా ఉండేవారు. శత్రువు కనబడితే నగారా మోగేది, ఊరు లేచేది. వారి దగ్గర ఉన్నవి నాటు తుపాకులు, వడిసెలలు, గొడ్డళ్లు. వాటితోనే ఒకటికి రెండుసార్లు దాడులను తిప్పికొట్టారు.

ఆ ఓటమే దాడి చేసినవారి పట్టుదలకు కారణమైంది. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, పోలీసులు, సైనికులు వందల సంఖ్యలో ఊరిని చుట్టుముట్టారు. ఈసారి బురుజు మీదకు ఫిరంగి పేలింది. ఊళ్లోకి చొరబడ్డాక మగవారిని పట్టుకొని, వరుసగా నిలబెట్టి కాల్చారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. ఇళ్లు దోచారు, తగలబెట్టారు. చనిపోయినవారు 96 మంది అని కొన్ని పుస్తకాల్లోనూ, 118 మంది అని మరికొన్నింటిలోనూ కనిపిస్తుంది. రెండు లెక్కల్లో ఏది తీసుకొన్నా, ఒక్క పూటలో ఒక మాదిరి పల్లె తన వయసు మగవారిలో పెద్దభాగాన్ని పోగొట్టుకొంది. పొలం దున్నేవారు, ఆ ఏడు పంట కోసేవారు లేరు. హత్యాకాండ ఖర్చులో ఇది కూడా ఒక భాగమే, కానీ మృతుల సంఖ్యలో ఇది కనబడదు.

భైరాన్‌పల్లికీ భారత సైన్యం రాకకూ మధ్య పదిహేడు రోజుల ఎడం మాత్రమే ఉంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: షోయబుల్లా ఖాన్ హత్య, భైరాన్‌పల్లి దాడి ఒకే వారంలో జరిగాయి. 'ఇది హిందూ ముస్లిం ఘర్షణ' అన్న వివరణ ఈ రెండింటికీ సరిపోతుందా? పది పంక్తుల్లో రాయండి.

ఐదు రోజులు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో ప్రధాన దళం షోలాపూరు వైపు నుంచి నల్దుర్గ్ మీదుగా వచ్చింది. మరో దళం బెజవాడ వైపు నుంచి సూర్యాపేట దారిలో కదిలింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. సైనిక పరిభాషలో దీని పేరు ఆపరేషన్ పోలో. ప్రజల వాడుకలో పోలీసు చర్య. విమానాలు, టాంకులు పాల్గొన్నదాన్ని పోలీసు చర్య అనడం వింతగా ఉన్నా దానికో కారణం ఉంది. హైదరాబాద్ అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. యుద్ధం అంటే రెండు దేశాల మధ్య వ్యవహారం, పోలీసు చర్య అంటే ఇంటి వ్యవహారం.

తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల ఆ రోజులు పండుగలాగే గడిచాయి. అది అబద్ధపు సంతోషం కాదు. రజాకార్ల భయంతో అడవుల్లో, సరిహద్దు అవతల తలదాచుకొన్నవారు ఇళ్లకు తిరిగి వచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో చాలావరకు కథ ఇక్కడ ఆగుతుంది. రజాకార్లకు నాలుగు పేజీలు ఇచ్చిన పుస్తకం ఆ తరువాతి నాలుగు వారాలకు ఒక వాక్యమైనా ఇవ్వకపోవడం మీరు చూసే ఉంటారు.

తరువాతి వారాలు

నిజాం పోలీసు వ్యవస్థ సెప్టెంబరు 17తో కూలింది. కొత్త వ్యవస్థ పల్లెకు చేరలేదు. ఆ ఖాళీలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, ముస్లిముల మీద ప్రతీకారం మొదలైంది. సుందర్‌లాల్ బృందం తన నివేదికలో రాసినదాని ప్రకారం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి. వాటి తరువాత ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్. చివరి రెండూ మన తెలుగు జిల్లాలని గుర్తుంచుకోండి.

లాతూరు సంగతి చూడండి. వ్యాపారానికి పేరుపొందిన ఆ పట్నం కాశిం రజ్వీ వకాలతు చేసిన ఊరు. అక్కడ హత్యలు ఇరవై రోజులకు పైగా సాగాయని బృందం రాసింది. దాదాపు పదివేల మంది ముస్లిముల్లో బృందం వెళ్లేసరికి మిగిలింది మూడువేల మంది. వెయ్యిమందికి పైగా చంపబడ్డారు, మిగతావారు ఉన్నదంతా వదిలి పారిపోయారు. రజ్వీ మాత్రం అప్పటికి హైదరాబాదులో నిర్బంధంలో, ప్రాణాలకు భద్రంగా ఉన్నాడు. 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. లాయక్ అలీ 1950లోనే గృహనిర్బంధం నుంచి తప్పించుకొని అక్కడికి చేరాడు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. తప్పు చేసిన పెద్దలు ఎవరూ దొరకని చోట, చేతికి అందినవారు బాకీ చెల్లించారు. వారిలో అత్యధికులు ఏ దళంలోనూ లేనివారు.

ఒకరు చేసిన నేరాన్ని వారి మతం వారందరి ఖాతాలో వేయడం సామూహిక హత్యాకాండకు ఇంధనం వంటిది. రజాకార్లు ఇదే లెక్కతో ఊరంతటినీ శిక్షించారు. సెప్టెంబరు తరువాత అదే లెక్క తిరగబడింది. హింసకు లాభం కూడా తోడైంది. దుకాణాలు, పశువులు, ఇళ్లు, పొలాలు చేతులు మారాయి. సరిహద్దు అవతలి నుంచి సాయుధ ముఠాలు వచ్చాయని నివేదిక చెబుతుంది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో, ఇతర నేరాల్లో పాల్గొన్నారని, కొన్ని ఊళ్లలో మగవారిని బయటికి తెచ్చి చంపారని కూడా రాసింది. అనేక చోట్ల సైన్యం ముస్లిములను కాపాడిందన్న మాటనూ అదే నివేదిక నమోదు చేసింది. రెండు వాక్యాలనూ కలిపి చదవాలి. ఒకదాన్ని మాత్రమే ఎత్తి చూపడం మన దగ్గర పెద్ద అలవాటు.

స్త్రీల అపహరణలు, బలవంతపు మతమార్పిడులు, ఆత్మహత్యల గురించి నివేదికలో ఉంది. కుళ్లిన శవాలతో నిండిన బావులను బృందం స్వయంగా చూసింది. ఒక బావిలో పదకొండు శవాలను లెక్కపెట్టారు. అందులో ఒకటి రొమ్ముకు పసిబిడ్డ అంటిపెట్టుకొని ఉన్న తల్లిది.

ఇదే నివేదికలో మరో రకమైన సమాచారమూ ఉంది, దాన్ని వదిలిపెట్టకూడదు. ముస్లిం నేతగాళ్లను కాపాడటానికి హిందూ నేతగాళ్లు అడ్డంపడ్డారు. అందులో కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకొన్నారు. ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను వెతికి తేవడంలో ఎందరో హిందువులు సాయపడ్డారు. నేతగాళ్లే ఎందుకు నిలబడ్డారు? మగ్గం, నూలు, అప్పు ఇచ్చే షావుకారు, సంత రోజు, అన్నీ ఉమ్మడి. మతం గీసిన గీత కంటే రోజువారీ పని కట్టిన ముడి అక్కడ గట్టిగా ఉంది. సామూహిక హింస ఎందుకు జరిగిందో అడిగినట్టే, ఎక్కడ జరగలేదో, ఎందుకు జరగలేదో కూడా చరిత్ర విద్యార్థి అడగాలి. రెండో ప్రశ్నకు జవాబులు ఇంకా తక్కువగానే వెతికారు.

లెక్కలు

సుందర్‌లాల్ బృందం 1948 డిసెంబరు 21 వరకు రాజ్యంలో ఉంది. పదహారు జిల్లాల్లో తొమ్మిదింటిలో తిరిగింది. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు చూసింది. తాము వెళ్లలేని మరో 109 గ్రామాలకు చెందిన ఐదువందల మందికి పైగా మనుషులతో మాట్లాడింది. పోలీసు చర్య సమయంలోనూ తరువాతా, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. మొదటి నాలుగు జిల్లాల్లోనే 18 వేలకు తగ్గరనీ, తరువాతి నాలుగింటిలో కనీసం ఐదువేలనీ విడివిడిగా చెప్పింది.

ఈ అంకెలను ఎలా చదవాలి? ఇది శవాలను ఒక్కొక్కటిగా లెక్కించి తేల్చిన సంఖ్య కాదు. చూసిన ఊళ్లు, విన్న సాక్ష్యాల ఆధారంగా కట్టిన అంచనా. దిగువ అంకెకూ ఎగువ అంకెకూ మధ్య 13 వేల తేడా ఉంది. అంటే, ఉన్నారో లేరో రూఢిగా చెప్పలేని 13 వేల మనుషులు. అంచనా వేసినవారు ప్రభుత్వం పంపినవారే, ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టాలన్న ఉద్దేశం వారికి లేదు. అందువల్ల దిగువ అంకెకు విలువ ఎక్కువ. 1950లో ఈ విషయంపై వ్యాసం రాసిన పండితుడు విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్, రెండు లక్షల దాకా చెప్పిన పరిశీలకులున్నారని పేర్కొన్నాడు. పోలీసు చర్యకు బాధ్యులైన పెద్దలు నివేదిక తీరును తప్పుపట్టారు. దాన్ని ప్రచురించలేదు. కొన్ని భాగాలు ముందే పత్రికల్లో వచ్చినా, 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరూ చదివే వీలు కలగలేదు.

దాచడానికి చెప్పిన కారణం మామూలుదే. బయటపెడితే మళ్లీ గొడవలు వస్తాయని. ఆ భయం పూర్తిగా కల్పితమని ఈ పాఠం అనదు. కానీ దాచిన ఫలితం కూడా చూడాలి. చనిపోయినవారి కుటుంబాలకు తమవారు ఎలా పోయారో తెలుసు, అధికారికంగా మాత్రం వారు పోలేదు. పరిహారం, విచారణ, శిక్ష, ఏదీ అడగడానికి కాగితం లేదు. ఇంకోవైపు, అంకె తెలియని చోట ఎవరికి తోచిన అంకె వారు చెప్పుకోవచ్చు. ఉన్నదాన్ని లేదనేవారికీ, పదింతలు చేసి రెచ్చగొట్టేవారికీ ఆ మౌనం సమానంగా ఉపయోగపడింది.

రెండు వైపులా చూసిన సాక్షులు తక్కువ. వారిలో ఒకరు ఫరీద్ మీర్జా. నిజాం ప్రభుత్వంలో తహసీల్దారుగా ఉంటూ రజాకార్ల దౌర్జన్యాలకు నిరసనగా రాజీనామా చేశాడు. పోలీసు చర్య తరువాత ముస్లిముల మీద జరిగిన హత్యలనూ అంతే శ్రద్ధగా నమోదు చేశాడు. ముందు జరిగినదాన్ని ఖండించినందుకు ఒక వర్గానికీ, తరువాతిది రాసినందుకు మరో వర్గానికీ ఆయన నచ్చకపోవచ్చు. మనకు కావలసిన సాక్షి అలాంటివాడే.

దీన్ని ఏమని పిలవాలి?

సుందర్‌లాల్ బృందం హైదరాబాదు జిల్లాల్లో తిరుగుతున్న రోజుల్లోనే, 1948 డిసెంబరు 9న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి జాతి నిర్మూలన నేర ఒడంబడికను ఆమోదించింది. పోలండ్ నుంచి వలస వెళ్లిన న్యాయవాది రఫేల్ లెంకిన్ 1944లో 'జెనోసైడ్' అనే మాటను పుట్టించాడు. ఒక జాతి, తెగ లేదా మతసమూహాన్ని పూర్తిగా గాని, పాక్షికంగా గాని నాశనం చేయాలన్న ఉద్దేశంతో జరిగే పనులకు ఒడంబడిక ఈ పేరు పెట్టింది. రాజకీయ సమూహాలను అందులో చేర్చలేదు.

1948 సెప్టెంబరు, అక్టోబరు హత్యలకు ఆ పేరు వర్తిస్తుందా? చనిపోయినవారిని మతం చూసి ఎంచుకొన్నారన్నది స్పష్టం. అయితే ముస్లిం సమూహాన్ని నిర్మూలించాలన్న పథకాన్ని నివేదిక చూపలేదు. అందువల్ల సామూహిక హత్యాకాండ, ప్రతీకార హింస అన్న మాటలే ఇక్కడ సరిపోతాయి. భైరాన్‌పల్లి విషయంలో చిక్కు మరో రకం. అక్కడి జనాన్ని చంపింది ప్రధానంగా ఎదురుతిరిగినందుకు. పేరు చిన్నదైతే బాధ చిన్నదవుతుందని చాలామంది అనుకొంటారు. అందుకే ప్రతి వర్గమూ తన మృతులకు పెద్ద పేరు అడుగుతుంది. చరిత్రకారుడి పని పేర్లు పంచడం కంటే, ఎవరు, ఎక్కడ, ఎవరి చేతిలో, ఏ అధికారం అండతో చనిపోయారో చెప్పడం.

సెప్టెంబర్ 17కు పెట్టిన పేర్లే చూడండి. విమోచన అన్నారు, విలీనం అన్నారు, విద్రోహం అన్నారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా, కేంద్ర ప్రభుత్వం విమోచన దినంగా ఒకే నగరంలో వేరువేరు మైదానాల్లో జరిపాయి. 2024లో రాష్ట్రం దానికి ప్రజాపాలన దినోత్సవం అని మరో పేరు పెట్టింది. ఇన్ని పేర్లున్న రోజు మన పంచాంగంలో మరొకటి లేదేమో.

1951 దాకా

తెలంగాణ పల్లెల్లో హింస 1948తో ఆగలేదు. సైన్యం తరువాతి లక్ష్యం కమ్యూనిస్టు దళాలు. సంఘం పంచిన భూములను కొన్నిచోట్ల దేశ్‌ముఖులు తిరిగి ఆక్రమించుకొన్నారు. దళాలు కూడా భూస్వాములను, ఏజెంట్లని అనుమానించినవారిని చంపాయి. అడవుల్లో దళాలకు అన్నం దొరకకుండా చేయడానికి కోయ గూడేలను ఖాళీ చేయించి ఒకచోట చేర్చారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించేనాటికి నాలుగువేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చంపబడ్డారనీ, పదివేల మందికి పైగా జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మూడు నాలుగేళ్లు గడిపారనీ పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పారు. ఇది పోరాడిన పక్షం ఇచ్చిన లెక్క అన్న సంగతి గుర్తుంచుకొని వాడండి. ఆ పోరాటంలోని స్త్రీలు దశాబ్దాల తరువాత తమ మాటల్లో చెప్పినది 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా వచ్చింది. చెప్పడానికి వారికి అంతకాలం పట్టిందా, అడగడానికి మనకు అంతకాలం పట్టిందా అన్నది ఆలోచించదగ్గ ప్రశ్న.

అభ్యాసం

1948ని కళ్లతో చూసి గుర్తుపెట్టుకొన్నవారు ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటి ఉంటారు. మీ కుటుంబంలో గాని, మీరు ఉండే వీధిలో గాని అలాంటివారు ఒకరిని, లేదా వారి మాట విన్న వారి పిల్లలను కలిసి, ఆ ఏడాది గురించి ఏమి చెప్పుకొంటారో అడగండి. తరువాత మీ ఇంటివారి మతానికో, కులానికో, పక్షానికో చెందని మరొకరిని అదే ప్రశ్న అడగండి. చెప్పలేని విషయం దగ్గర వారు ఆగితే, ఆగనివ్వండి, గుచ్చి అడగవద్దు. రెండు కథనాలనూ పక్కపక్కన రెండు పేజీలకు మించకుండా రాయండి. చెప్పినవారి పేర్లు రాయనక్కరలేదు. ఊరి పేరు, వయసు, తాము చూసినదా, విన్నదా అన్న వివరం చాలు.